ఆట అయ్యాక చెబుదాం

సైహాత్ దాటుతుండగా ఫోను ఒకసారి వణికి ఊరుకుంది. స్టీరింగు పక్కన స్టాండుకు తగిలించిన ఆ ఫోనులో, దారి చూపించే నీలం గీత మీదికి ఒక తెల్ల పట్టీ దిగి, రెండు క్షణాలు నిలబడి, వచ్చిన దారినే పైకి పోయింది. రెండు క్షణాల్లోనే నాగేందర్ చూడవలసింది చూసేశాడు. అతనికి అరబ్బీ చదవడం రాదు. కాని ఆ రెండు మాటల ఆకారం తెలియని పనివాడు ఈ అరబ్బు దేశంలో ఉండడు, పన్నెండేళ్ళుగా ఎందరి చేతుల్లోని కాగితాల మీద చూశాడో అతనికే గుర్తు లేదు. ఖురూజ్ నిహాయి. పెట్టె సర్దుకో, విమానం ఎక్కు, మళ్ళీ రాకు అని దాని అర్థం. సెలవు మీద పోయి వచ్చేవాళ్ళకిచ్చే ఖురూజ్ వేరు, అది వచ్చిన రోజు గదిలో పండగ. ఈ నిహాయి వచ్చిన రోజు మాత్రం గదిలో ఎవరూ గట్టిగా గిన్నె కూడా కింద పెట్టరు. కాలు తనంతట తానే సడలింది, వెనక ట్రాలా లారీ వాడు పెద్ద హారన్ కొట్టాడు, నాగేందర్ ఉలిక్కిపడి మళ్ళీ తొక్కాడు, ముల్లు నూట పది దగ్గర కుదురుకుంది. గుండె మాత్రం కుదురుకోలేదు.

పాపం సార్, అనుకున్నాడు. పక్క సీట్లో కూర్చున్న కోచ్ కీత్ సార్ వైపు చూడకుండా అనుకున్నాడు. మెసేజ్ సార్‌దే అనడంలో అతనికి ఇసుమంత అనుమానం లేదు. రెండున్నరేళ్ళ కింద సార్ ఇంగ్లండ్ నుంచి దిగిన వారం ఆయన సిమ్ పని చెయ్యకపోతే, ఆఫీసులో కాగితాల పని చూసే ఇమ్రాన్ భాయ్ ఫారంలో ఫోన్ నంబరు గడి ఖాళీగా ఎందుకు వదలాలని నాగేందర్ నంబరు రాసి పారేశాడు. మళ్ళీ మార్చలేదు. ఎవరు మారుస్తారు, మార్చాలంటే మళ్ళీ వేలిముద్రలు, మళ్ళీ క్యూలు. అప్పటినుంచి సార్ జీవితమంతా నాగేందర్ చొక్కా జేబులోనే మోగుతోంది. సార్ మోకాలికి స్కానింగ్ ఎప్పుడో, బ్యాంకు వాళ్ళు పంపే ఆరంకెల రహస్యం ఏమిటో, సార్ కారుకు ఎర్రలైటు జరిమానా ఎప్పుడు పడిందో (నడిపింది నాగేందరే అనుకోండి) అన్నీ ముందు నాగేందర్‌కే తెలుస్తాయి. అతని సొంత మెసేజ్‌లు ఏడాదికి ఒకటో రెండో. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు మొన్న రంజాన్‌కు ముందే కొత్తది వచ్చింది. డ్రైవర్ గురించి ప్రభుత్వానికి ఏం పని, ప్రభుత్వం తలచుకునేది సార్ లాంటి వాళ్ళనే. అందుకే ఆ పట్టీని వేలితో కిందికి లాగి చూడాలనిపించినా లాగలేదు. సార్ పక్కనే ఉన్నాడు. పైగా తెరవనంతసేపూ అది ఇంకా జరగలేదన్నట్టే ఉంటుంది.

ఎదర ఎండ, దుమ్ము, అసర్ నమాజు అయిపోయిన మధ్యాహ్నపు తెల్లటి వెలుతురు. కతీఫ్ ఖర్జూర తోటలు దుమ్ములో మసకగా ఉన్నాయి. ధహ్రాన్‌లో సార్ విల్లా నుంచి జుబైల్‌లో క్లబ్బు ఫుట్‌బాల్ మైదానానికి గంటా పదినిమిషాలు, ఈ దారిలో ప్రతి గుంటా నాగేందర్‌కు పేరు పెట్టి పిలిచేంత తెలుసు. ఈ గంటంతా మామూలుగా సార్ మాట్లాడుతూనే ఉంటాడు, చూయింగ్ గమ్ నములుతూ, వేళ్ళతో డాష్‌బోర్డు మీద ఆటగాళ్ళను నిలబెడుతూ, నువ్విక్కడ, నువ్విక్కడ, ఒరే అబ్బాయి నువ్వెందుకు అక్కడికి పోతావు అని లేనివాణ్ణి తిడుతూ. ఇవాళ గమ్ లేదు. డాష్‌బోర్డు మీద వేళ్ళు లేవు, ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. బయల్దేరేటప్పుడు సార్ ఆ డబ్బా పట్టుకుని విల్లా లోంచి వచ్చాడు. అందులో రేకు కాగితంలో చుట్టిన రెండు సాండ్‌విచ్‌లు. గుడ్డు సాండ్‌విచ్‌లు, నేనే చేశాను, నువ్వు తినాలి అన్నాడు. రెండున్నరేళ్ళలో ఆ మనిషి పొయ్యి వెలిగించడం నాగేందర్ చూడలేదు, టీ కూడా నాగేందరే పెడతాడు. పైగా ఇవాళ శనివారం, కొండగట్టు అంజన్న పేరు చెప్పుకుని శనివారం గుడ్డు ముట్టడు. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆలోచించేలోపు సార్ రేకు విప్పి చేతిలో పెట్టేశాడు, తినేదాకా కారు ఎక్కలేదు. ఒకటి తిన్నాడు. గుడ్డు సగమే ఉడికింది, ఉప్పు మరిచాడు. ఆ ఒక్కదానికే అంజన్నకు మనసులో లెంపలు వేసుకుని, రెండోది తర్వాత సార్ అని డబ్బాలో పెట్టేశాడు. మ్యాచ్ భయానికి మనిషి ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియడం లేదు అనుకున్నాడు అప్పుడు.

భయం ఉండక ఏం చేస్తుంది. ఇవాళ సీజన్‌లో ఆఖరి ఆట. ఓడితే క్లబ్బు కింది మెట్టుకు జారిపోతుంది. ఉన్నదే మూడో మెట్టు, దాని కింద ఇక వీధిలో పిల్లలాడుకునే ఆటే. గోల్‌కీపర్ పగలు ఫైర్ స్టేషన్లో ఉద్యోగం చేస్తాడు, కుడివైపు ఆడేవాడు బ్యాంకు గుమాస్తా, ఎడమవైపువాడు ఏ రోజు వస్తాడో వాడికే తెలియదు. గడిచిన ఏడు ఆటల్లో ఆరు ఓడారు. అందుకే పంపించేస్తున్నారు. ఆట కాకముందే కాగితం కొట్టేశారు చూడు, అనుకున్నాడు నాగేందర్, పెళ్ళి కాకముందే విడాకులు రాసినట్టు. గురువారం ఇమ్రాన్ భాయ్ ఫోన్ చేసింది ఇందుకే అన్నమాట. ఇమ్రాన్‌ది నిజామాబాదు, తెలుగు మనలాగే మాట్లాడతాడు. “కోచ్ సాబ్ పాస్‌పోర్ట్ జర పట్టుకొచ్చియ్యి భాయ్, కాగితాల పనున్నది” అన్నాడు, తీసుకెళ్ళి ఇచ్చాక దాన్ని చేతిలో తిప్పుతూ, ముఖం చూడకుండా, “శనివారం మ్యాచ్ అయినంక నువ్వు గూడ ఒకసారి ఆఫీసుకు రా, మాట్లాడేదున్నది. ఇప్పుడొద్దు, అయిపోనీ” అన్నాడు. కొత్త కోచ్‌ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడానికి పిలిచాడన్నమాట. పాస్‌పోర్టు తన చేతులతోనే తీసుకెళ్ళి ఇచ్చాడు, నవ్వుతూ ఇచ్చాడు, ఇమ్రాన్ ఇచ్చిన ఖర్జూరం కూడా తిన్నాడు.

సార్ కథల్లోని ఆల్ఫ్ లాగే. ఆ పేరు గుర్తు రాగానే నాగేందర్ స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. ఆల్ఫ్‌ను అతను ఎప్పుడూ చూడలేదు, చూసే అవకాశమూ లేదు, ఆయన చచ్చిపోయి పదేళ్ళయిందట. కాని ఈ దారిలో ఆ ముసలాయన కథ ఎన్నిసార్లు విన్నాడో. సార్ కథలన్నీ ఈ కారులోనే విన్నాడు, ఇంగ్లీషు సగం అర్థమయ్యీ సగం కాకా, కానిదాన్ని తన ఊహతో పూరించుకుని. సార్ వాళ్ళ నాన్న ఇంగ్లండులో ఒక వాన ఊళ్ళో సిటీ బస్సు డ్రైవరట. మొదటి రోజు విమానాశ్రయంలో వెనక తలుపు తెరిచి పట్టుకుంటే, సార్ చుట్టూ తిరిగి ముందు సీట్లో కూర్చుని చెప్పిన మొదటి మాట అదే, మా నాన్న కూడా డ్రైవరే, వెనక కూర్చుంటే ఆయనకు కోపం వస్తుంది. అంత పెద్ద మనిషి పక్కన కూర్చుంటే ఆ రోజు గేరు మార్చడానికి చెయ్యి ఆడలేదు.

సార్‌వి టీవీలో కనపడే పెద్ద పెద్ద క్లబ్బులు కావు. వాటి కింద, ఇంకా కింద, నాలుగో మెట్టు, ఐదో మెట్టు, మన టీవీలు ఎప్పుడూ చూపించని ఊళ్ళు. కుర్రతనంలో ఎడమవైపు ఆడేవాడట, ఇరవై నాలుగేళ్ళకే మోకాలు పోయింది. ఇళ్ళ కప్పులకు పెంకులు నేసే పనికి పోయాడు, పగలు కప్పుల మీద, సాయంత్రం ఎవరూ పట్టించుకోని ఒక జట్టుకు మేనేజర్. మేనేజర్ అంటే ఏదో అనుకుంటావేమో, అనేవాడు, గడ్డి నేనే కోసేవాణ్ణి, గీతలు నేనే గీసేవాణ్ణి, బురద చొక్కాలు పదహారు మా ఇంటి స్నానాల తొట్లో మోరీన్ ఉతికేది. మోరీన్ ఆయన భార్య. ఒక ఆదివారం ఆ పదహారు చొక్కాలూ తడివి తడిగానే గుమ్మం మీద పెట్టి, తాళం చెవి వాటి మీద పెట్టి వెళ్ళిపోయిందట. ఆ చొక్కాలు ఏం చేశారు సార్ అని అడిగాడు నాగేందర్ వినగానే, ఇంకేం అడగాలో తెలియక. పిండి ఆరేశాను, బుధవారం ఆట ఉంది మరి, అన్నాడు సార్, ఇద్దరూ నవ్వారు. పందొమ్మిదేళ్ళలో ఏడు క్లబ్బులు. ఏడింటిలో ఒక్కటంటే ఒక్కదాన్ని పై మెట్టు ఎక్కించాడు. ఆ రోజు వానలో పద్దెనిమిది వందల పద్నాలుగు మంది వచ్చారట, ఒక్క మనిషిని కూడా తగ్గించడు ఎప్పుడు చెప్పినా. భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన ఫోటో ఇప్పటికీ ఆయన ఫోను తెర మీద ఉంది. ఆ తర్వాతి ఏడాది అదే నెలలో పొమ్మన్నారు.

పొమ్మనడంలో ఎన్ని రకాలో సార్‌ను అడగాలి. ఒకచోట పొద్దున పళ్ళు తోముకుంటుంటే రేడియోలో చెప్పారు. ఒకచోట తన కారు పెట్టుకునే చోట గోడ మీది పేరు పలకను ముందే ఊడదీశారు, మేకుల చిల్లులు మాత్రం ఉన్నాయి. బూట్లు కుట్టే పనికి పేరున్న ఒక ఊళ్ళో మాత్రం ఆల్ఫ్. ఆల్ఫ్ అంటే జట్టు బట్టలూ బూట్లూ చూసుకునే మనిషి, నాలుగేళ్ళు సార్‌తో పాటు చలిలో నిలబడ్డవాడు. ఆ శనివారం పొద్దునే ఆల్ఫ్‌కు తెలుసట, సార్‌ను తీసేశారని. అయినా ఏమీ ఎరగనట్టు సార్ కోటుకు బొత్తాం కుట్టి ఇచ్చాడు, టీ తెచ్చి ఇచ్చాడు, బాగా ఆడిస్తారు చూడండి ఇవాళ అన్నాడు. ఆట అయ్యాక చెప్పారు పెద్దవాళ్ళు. నన్ను తీసేసిన వాళ్ళ మీద నాకు కోపం లేదు, అది వాళ్ళ పని, అన్నాడు సార్ ఒకసారి, అద్దంలోంచి బయటికి చూస్తూ. తెలిసీ నాకు టీ ఇచ్చినవాణ్ణి మాత్రం క్షమించలేకపోయాను. వాడి చావుకు కూడా పోలేదు. అప్పుడు నాగేందర్ స్టీరింగు మీద కొట్టి మరీ అన్నాడు, నేను చెప్పేస్తాను సార్, నేనైతే ఆ నిమిషమే చెప్పేస్తాను. ఎంత సులువుగా అనేశాడో.

చెప్పు మరి. ఇప్పుడు చెప్పు. సఫ్వా బోర్డు వచ్చింది, పోయింది. చెబితే ఏమవుతుంది, సార్ బండి తిప్పమంటాడు, లేదా తిప్పమనడు, మైదానంలో దిగుతాడు కాని చేతులు ఆడవు, నోరు ఆడదు, కుర్రాళ్ళు ఆయన ముఖం చూసి ఓడిపోతారు, క్లబ్బు జారిపోతుంది, ఇంకో డ్రైవర్ ఎవడైనా, ఇంకో మనిషి ఎవడైనా, రెండు గంటలు ఆగలేకపోయావా నాగేందర్ అంటాడు. చెప్పకపోతే ఆల్ఫ్. ఆగడం మంచిదని ఎవరు చెప్పారు, ఎప్పుడు మంచిదయింది. మల్లేశం అన్న కూడా మంచికే ఆగాడు. వద్దు, ఆ సంగతి ఇప్పుడు వద్దు అనుకున్నాడు. కాని వద్దనుకున్నది ఆగుతుందా. ఎదురుగా ఆకాశంలో జుబైల్ వైపు పొగ సన్నగా లేస్తోంది, ఫ్యాక్టరీ గొట్టాల పొగ, అతను మొదట వచ్చింది ఆ పొగ కిందికే.

వచ్చిన రెండో ఏడు. ప్లాంటు నెల రోజులు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని, పన్నెండు గంటల డ్యూటీ, ఇనుప గొట్టాలు బిగించి అంతెత్తున పరంజా కట్టడం. గదిలో ఎనిమిది మంది, అందరికీ పెద్ద కోరుట్ల మల్లేశం అన్న. ఉన్నట్టుండి నాగేందర్ చార్జర్ కనపడలేదు, ఫోను చచ్చిపోయి పడుంది, ఎవరిని చార్జర్ అడిగినా లేదంటే లేదన్నారు. ఎనిమిది మందిలో ఒక్కడి దగ్గరా చార్జర్ లేకపోవడం ఏమిటని అప్పుడు తట్టలేదు. మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగేసరికి కోడికూర వాసన. పండగ లేదు, జీతం రోజు కాదు. “కూసో తమ్మీ, తిను, ఇంకో ముక్క ఏసుకో” అని మల్లేశం అన్న తన కంచంలోది కూడా తీసి వేశాడు. ఎవరూ తినకుండా అతను తినడమే చూస్తున్నారు. ఆకలి మీద ఉన్నాడు, చూసుకోలేదు, ఎముకలు కూడా కొరికాడు. చెయ్యి కడుక్కున్నాక మల్లేశం అన్న తువ్వాలు అందిస్తూ, “అమ్మ పోయింది తమ్మీ. నిన్న పొద్దుగాల. అంతా సుత అయిపోయింది, మీ తమ్ముడే చేసిండు. రేపు మూడోనాడు, పిట్టకు పెడ్తరట” అన్నాడు. “ముందుగాల చెప్తె ఏం చేస్తుంటివి, ఈ షట్‌డౌన్‌ల నిన్నెవడు పంపుతడు? పైకెక్కినోనివి కాలు జారి పడుతుంటివి.” అమ్మ పాడె లేచిన మర్నాడు కోడి ఎముకలు కొరికిన కొడుకు. బయటికి పోయి కుళాయి దగ్గర అంతా కక్కేశాడు. నలభై రోజులు మల్లేశం అన్నతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడినా మునుపటిలా మాట్లాడలేదు. ఏడాదికి అన్నకు నిహాయి వచ్చి వెళ్ళిపోతున్నప్పుడు పెట్టె బస్సు దాకా మోశాడు కాని, పోయొస్తా తమ్మీ అంటే తల ఊపాడు, అంతే.

ఈ సంగతి సార్‌కు చెప్పాడు ఒకసారి, ఆల్ఫ్ కథ విన్న చాలా రోజులకు, పెట్రోలు బంకు దగ్గర టీ తాగుతూ. చెప్పాడంటే ఏం చెప్పాడు. అతనికి ఉన్న ఇంగ్లీషు ఎంత, లెఫ్టు రైటు, టీ కాఫీ, టైము. మైల అనే మాట ఇంగ్లీషులో ఏమంటారు, అమ్మ పోయిన ఇంట్లో పొయ్యి వెలగదని ఎలా చెప్పాలి, కోడి ఎముక పంటి కింద పటుక్కుమన్న చప్పుడు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుందని ఏ మాటల్లో చెప్పాలి. మై మదర్ డెడ్ సార్, అన్నాడు. రూమ్‌మేట్ నో టెల్. ఫస్ట్ ఫుడ్, దెన్ న్యూస్. సార్ కప్పు కింద పెట్టి, నీకు కోపం రాలేదా అని అడిగాడు. వచ్చింది అనబోయాడు. వచ్చింది అంటే ఎందుకో చెప్పాలి, చెప్పడానికి మాటలు లేవు. మల్లేశం అన్న తువ్వాలు పట్టుకుని నిలబడిన తీరు గుర్తొచ్చింది. గుడ్ మాన్ సార్, వెరీ గుడ్ మాన్, ఫస్ట్ ఫుడ్ గివింగ్, అనేశాడు. సార్ తల ఊపాడు. మీవాళ్ళు మావాళ్ళకంటే నయం, అన్నాడు.

ఇప్పుడు అదే బంకు కనపడింది. అడక్కుండానే నాగేందర్ బండి పక్కకు తీశాడు, రెండు కడక్ టీలు తెచ్చాడు, ఇద్దరూ బానెట్‌కు ఆనుకుని నిలబడ్డారు. ఇక్కడ చెప్పాలి, కారు ఆగి ఉంది, మనిషి నిలబడి ఉన్నాడు, పడేదేమీ లేదు. సార్ మెడ మీద చర్మం ఎండకు ఎర్రగా పొరలు లేచింది, అరవై ఒక్క ఏళ్ళు, జుట్టు గాలికి ఎటు పడితే అటు లేస్తోంది. ఎక్కడికి పోతాడీ మనిషి. విమానం దిగితే ఎవరున్నారు. మోరీన్ ఎవరో పళ్ళ డాక్టరుతో ఉంటోంది, కూతురు ఆదివారం నాడు పదినిమిషాలు ఫోను. తనకైతే ఇల్లుంది, భార్య ఊర్మిల ఉంది, వీడియో కాల్‌లో నాన్నా ఇది ఆఫ్‌సైడే కదా అని అడిగే తొమ్మిదో తరగతి పిల్ల ఉంది. ఇంటికి పోతే ఎవరో ఒకరు చెంబుతో నీళ్ళిస్తారు. ఈయనకు ఆ ఫోటో తప్ప ఏముంది.

“సార్” అన్నాడు.

“ఏమిటి?”

“షుగర్ ఓకే, సార్?”

సార్ టీ వైపు చూశాడు, ఎప్పుడూ చూడనట్టు. బాగుందన్నాడు. ఒక గుక్క తాగి, “నాగేందర్” అన్నాడు ఈసారి ఆయన. నాగేందర్ తలెత్తాడు. సార్ నోరు తెరిచి, హైవే మీద పోయే లారీలను మూడింటిని చూసి, మూసుకున్నాడు. “ఏం లేదు. ఆట అయ్యాక చెబుతా.” సాండ్‌విచ్ రెండోది తిన్నావా అని అడిగాడు. తింటా సార్ అన్నాడు. ఈ సాండ్‌విచ్ గోల ఒకటి, ప్రపంచం మునిగిపోతుంటే.

మళ్ళీ రోడ్డు. ఇసుక అడ్డంగా పాకుతోంది తారు మీద. రాజధాని పెద్ద క్లబ్బుల పోస్టర్లు, కోట్లు పోసి తెచ్చుకున్న ఆటగాళ్ళ నవ్వులు, సార్ వాటివైపు చూడడు ఎప్పుడూ. పందొమ్మిదేళ్ళు ఆటను పట్టుకుని వేలాడి వేలాడి చివరికి ఈ ఇసుకలోకి ఎందుకు వచ్చాడో ఒకసారి చెప్పాడు, ఇంట్లో కూర్చుంటే శనివారం మధ్యాహ్నం మూడింటికి చేతులు ఏం చెయ్యాలో తెలియక వణుకుతాయట. నాగేందర్‌కు ఆ మాట బాగా అర్థమైంది. ఊరికి సెలవు మీద పోయినప్పుడు రెండో వారం నుంచి అతని చేతులూ అంతే, పిల్ల సైకిలు తుడుస్తాడు, తుడిచిన సైకిలే మళ్ళీ తుడుస్తాడు, ఊర్మిల నవ్వుతుంది, “ఏందయ్యా, అరిగిపోతది గది” అని. పన్నెండేళ్ళు పోయాక ఊళ్ళో తానెవరు. ఆ మాట ఎందుకు వచ్చింది ఇప్పుడు, పోతున్నది సార్ కదా. నేను ఆల్ఫ్‌ను కాను. నేను మల్లేశం అన్ననూ కాను. పళ్ళు బిగబట్టి లెక్కపెట్టాడు, ఆ వంతెన దాటగానే చెబుతా, ఆ మసీదు దాటగానే, ఆ గొట్టాలు మొదలవగానే. గొట్టాలు మొదలయ్యాయి, మైళ్ళకు మైళ్ళు రోడ్డు వెంట పరుగెత్తే వెండి గొట్టాలు, వాటిలో కొన్నింటి చుట్టూ అతను కట్టిన పరంజా ఉండేది ఒకప్పుడు. గొట్టాలూ అయిపోయాయి.

మైదానం గేటు దగ్గర కాపలా ముసలాయన చెయ్యెత్తి సలామ్ చేశాడు. నాగేందర్ ఎప్పుడూ పెట్టే నీడలో బండి పెట్టి ఇంజను ఆపాడు. ఆపగానే ఎంత నిశ్శబ్దం. లోపల ఎవరో బంతి తన్నుతున్న చప్పుడు, దుప్, దుప్. జట్టు లిస్టు ఇవ్వాల్సిన టైము దగ్గర పడింది, పదకొండు పేర్లు రాసిన కాగితం సార్ చొక్కా జేబులోంచి కనపడుతోంది. సార్ దిగబోయి తలుపు మీద చెయ్యి వేశాడు.

“సార్, వన్ మినిట్.” స్టాండు మీది ఫోను వైపు వేలు చూపించాడు. “మెసేజ్ కేమ్ సార్. ఫర్ యూ. ఖురూజ్. ఫైనల్. ఐ యామ్ సారీ సార్, ఐ నో టెల్ ఆన్ ది వే, వెరీ సారీ.” కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గు కూడా వేయలేదు. చెప్పేశాడు. ఆట కంటే ముందే చెప్పేశాడు.

సార్ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. ఉలిక్కిపడలేదు. కోపమూ రాలేదు. “నాకా?” అన్నాడు, చాలా నెమ్మదిగా, అడిగినట్టు కాకుండా.

అవును సార్ అంటూ నాగేందర్ స్టాండు నుంచి ఫోను లాగి, పైకి పోయిన ఆ పట్టీని మళ్ళీ కిందికి తెచ్చి నొక్కాడు, చూపించాలి కదా, నమ్మాలి కదా. మెసేజ్ విప్పుకుంది. అరబ్బీ రెండు వరుసలు, ఆ రెండు మాటలు, వాటి తర్వాత చుక్కలు, చుక్కల చివర నాలుగు అంకెలు. ఇకామా నంబరులో చివరి నాలుగు అంకెలు. అంకెలు చదవడానికి ఏ భాషా అక్కర్లేదు. ఐదు, సున్నా, తొమ్మిది, మూడు. ఈ దేశంలో ఏ పోలీసు ఆపినా, ఏ ఆసుపత్రి కిటికీ ముందు నిలబడినా, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు ఈ అంకెలు, అమ్మ పేరు తర్వాత అంత బాగా గుర్తున్నవి అవే. ఐదు, సున్నా, తొమ్మిది, మూడు. మళ్ళీ చదివాడు. సార్‌వి కావు. సార్‌వి ఏవో అతనికి గుర్తు కూడా లేవు.

దుప్, దుప్ అని లోపల బంతి.

“గురువారం చెప్పారు నాకు” అన్నాడు సార్, ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ. నాగేందర్‌కు అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడదీసి, చిన్నపిల్లలకు చెప్పినట్టు. కార్లన్నీ ఇక ఏదో కంపెనీ నడుపుతుందట, డ్రైవర్లు కూడా వాళ్ళవాళ్ళేనట. తన కాగితాలు ఇంకో ఏడాదికి పొడిగించారట, పాస్‌పోర్టు అడిగింది అందుకేనట. “నువ్వు లేకపోతే నేనూ ఉండనన్నాను. సరే వెళ్ళమన్నారు.” ఈసారి అతని వైపు తిరిగాడు. “నేను వెళ్ళలేదు, నాగేందర్.”

ఊర్మిల, పిల్ల, తుడిచిన సైకిలు, బస్సు మెట్టు మీద నిలబడి పోయొస్తా తమ్మీ అన్న మల్లేశం అన్న, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. మూడు రోజులు. మూడు రోజుల నుంచి తెలిసీ ఈ మనిషి పక్క సీట్లో కూర్చున్నాడు. కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది, చెవుల దాకా వేడిగా. తెలిసీ టీ తాగాడు నాతో, అనుకున్నాడు. అప్పుడు డాష్‌బోర్డు మీది డబ్బా కనపడింది. తెల్లారి లేచి, గుడ్లు ఉడకబెట్టడం రాక సగమే ఉడకబెట్టి, ఉప్పు మరిచి, రేకులో చుట్టి, తినేదాకా కారు ఎక్కని మనిషి. ఫస్ట్ ఫుడ్, దెన్ న్యూస్. గుడ్ మాన్ సార్, వెరీ గుడ్ మాన్. ఎవరు నేర్పారు ఈయనకు. తనే నేర్పాడు, ఆ బంకు దగ్గర, టీ కప్పు పట్టుకుని, చెప్పాలనుకున్నది చెప్పలేక.

“రెండోది తినలేదు నువ్వు” అన్నాడు సార్. ఆ గొంతులో అపరాధం దాచుకోవడం ఆయనకు రాలేదు. “రెండూ తిన్నాక, ఆట అయ్యాక, చెబుదామనుకున్నాను. మీవాళ్ళు అలాగే చేస్తారు కదా.”

కాదు సార్ అని చెప్పాలి. మావాళ్ళు చేసిందీ తప్పే సార్, నేను ఆ కూరంతా కక్కేశాను సార్, అని చెప్పాలి. ఇవాళ శనివారం అని కూడా చెప్పాలి. ఆ మాటలేవీ అతని దగ్గర ఇప్పటికీ లేవు. గేటు లోపలి నుంచి ఎవరో కోచ్, కోచ్ అని కేకేస్తున్నారు, లిస్టు అంటున్నారు. నాగేందర్ చెయ్యి చాపి డబ్బా తెరిచాడు. రేకు విప్పాడు. గుడ్డు చల్లారి వాసన వస్తోంది, రొట్టె అంచులు ఎండిపోయాయి. మల్లేశం అన్న తువ్వాలు పట్టుకుని నిలబడింది ఎందుకో ఇన్నేళ్ళకు తెలిసి, ఒక ముక్క కొరికాడు. నమిలాడు. ఇంకో ముక్క కొరికాడు. బయట కేకలు పెరిగాయి. సార్ జేబులోని కాగితం తీసి కిటికీలోంచి ఎవరి చేతికో అందించాడు, తను మాత్రం దిగలేదు. నాగేందర్ తినడం అయ్యేదాకా పక్కన కూర్చున్నాడు.